శాటిలైట్ వాన, డాబా మీద వాన

ప్రశ్న: డాబా మీద రెయిన్ గేజ్ పెట్టుకున్నాను సార్. నవంబరు 15న పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తే 61 మి.మీ. ఉంది. నాసా ఐమెర్గ్ శాటిలైట్ లెక్కలో మా ఏరియాకు అదే తేదీన 22 అని ఉంది. ఇంత తేడానా? ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: మీ వీధి వరకు మీ గేజ్‌నే నమ్మండి. కాకపోతే శాటిలైట్‌ను తిట్టే ముందు తేదీలు సరిచూసుకోండి, సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. మీరు మన వాతావరణ శాఖ పద్ధతిలో 14 పొద్దున 8.30 నుంచి 15 పొద్దున 8.30 దాకా కొలిచారు. ఐమెర్గ్ రోజువారీ ఫైలు గ్రీనిచ్ టైం ప్రకారం, అంటే మనకు పొద్దున 5.30 నుంచి మర్నాడు 5.30 దాకా. కాబట్టి మీ 61లో చాలావరకు వాళ్ల 14వ తేదీ ఫైల్లో ఉండాలి, 15లో వెతికితే దొరకదు! పోనీ 14తో పోల్చినా మూడు గంటలు తేడా వస్తుంది. మన ఈశాన్య రుతుపవనాల వాన తెల్లవారుజామున ఎలా దంచుతుందో మీకు చెప్పక్కర్లేదు, ఆ మూడు గంటల్లోనే రోజు వాన అంతా అయిపోవచ్చు. అందుకే అరగంట ఫైళ్లు తీసుకుని 8.30 నుంచి 8.30 దాకా 48 కూడండి.

అప్పుడు కూడా అంకెలు కలవవు. వాతావరణ శాఖ గేజ్ మూతి 200 చదరపు సెంటీమీటర్లు, ఐమెర్గ్ నేలను గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది, ఒక్కో గడి ఒక్కో వైపు దాదాపు 11 కిలోమీటర్లు, అంత మేరకు సగటు అది. 2015 డిసెంబరు 2 పొద్దున లెక్క తీస్తే 24 గంటల్లో తాంబరంలో 49 సెం.మీ., నుంగంబాక్కంలో 29, రెండూ చెన్నైయే మరి.

పైగా శాటిలైట్‌కు చాలావరకు చినుకు నేరుగా కనబడదు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చూసి అంచనా కడుతుంది, మైక్రోవేవ్ సెన్సరు నేల మీద ఎక్కువగా మబ్బులోని మంచు కణాలను బట్టి చెబుతుంది. సముద్రం మీంచి వచ్చే పొట్టి మబ్బుల్లో మంచు పెద్దగా ఉండదు, అవి వాన కురిపించినా లెక్క తగ్గిపోతుంది. మైక్రోవేవ్ శాటిలైట్లు అన్నివేళలా మన నెత్తిన ఉండవు కూడా.

మీ గేజ్‌ను కూడా ఒకసారి చూడండి. పిట్టగోడ పక్కన పెట్టారా? గోడ ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతలు దూరం జరపండి. గరాటులో వేపాకులు, పావురాల రెట్ట ఉంటే తీసేయండి. కొలపాత్ర మీద అనుమానమైతే, మూతి 200 చ.సెం.మీ. ఉన్న గేజ్‌లో 20 మి.లీ. నీళ్లు పోస్తే సరిగ్గా 1 మి.మీ. చూపించాలి.

ఇంకొకటి, నెలల తర్వాత వచ్చే ఐమెర్గ్ ఫైనల్ రకంతో పోల్చకండి. దాన్ని నేల మీది గేజ్‌ల నెలవారీ లెక్కలతో ముందే సర్దేస్తారు, దానికి గేజ్‌తో పరీక్ష పెట్టడమంటే పేపరు లీకు చేసి మార్కులు వేసినట్టే. నాలుగు గంటల్లో వచ్చే ఎర్లీ గానీ, పద్నాలుగు గంటలకు వచ్చే లేట్ గానీ తీసుకోండి.

ఒక్క రోజుతో ఏమీ తేలదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రాసిపెట్టుకుని, ముందు 2.5 మి.మీ. దాటిన రోజులను శాటిలైట్ ఎన్ని పట్టింది, ఎన్ని వదిలేసింది, పడని వానను ఎన్నిసార్లు చూపించిందో చూడండి, ఎంత పడిందన్నది ఆ తర్వాత. మేడవాక్కంలోనో గిండీలోనో తెలిసినవాళ్ల గేజ్ ఉంటే ఆ రీడింగులు కూడా అడిగి తీసుకోండి, అప్పుడు మీ గేజ్‌ల సగటు ఆ గడి సగటుకు కాస్త దగ్గరపడుతుంది.