తాతగారు యానాంలో పుడితే మనవడికి ఫ్రాన్స్ పాస్‌పోర్టు వస్తుందా?

ప్రశ్న: నమస్తే లాయర్ గారూ. మాది కాకినాడ. మా తాతగారు 1931లో యానాంలో పుట్టారు, 1955లో కాకినాడలో ఉద్యోగం వచ్చి ఇక్కడే సెటిలైపోయారు. నాన్నగారు 1958లో కాకినాడలోనే పుట్టారు, నేను 1990లో. మా ఆఫీసులో గోవా అబ్బాయికి వాళ్ళ తాతగారి పేరు మీద పోర్చుగల్ పాస్‌పోర్టు వచ్చింది. అది చూసి నేనూ ఒక ఏజెంటుని కలిస్తే, మీ తాతగారి ఫ్రెంచ్ బర్త్ సర్టిఫికెట్ ఉంది కదా, ఫ్రాన్స్ పాస్‌పోర్టు గ్యారంటీ, 4 లక్షలు అవుతుంది, సగం ముందే కట్టాలి అన్నాడు. కట్టొచ్చా? ఇంకోటి, యానాంలో తాతగారి పేరున చిన్న ఇళ్ళస్థలం ఉంది, నేను ఫ్రెంచ్ పౌరుడినైతే అది పోతుందా?

జవాబు: కట్టకండి బాబూ. ఇప్పటికే కట్టేసుంటే మాత్రం చివరి పేరా ముందు చదవండి.

యానాం కాగితాలు పట్టుకుని నా దగ్గరకి వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు, అందరూ ఆ బర్త్ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి మరీ తెస్తారు. దాని మీద ఫ్రెంచ్ ముద్ర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, తప్పు పట్టను. కానీ ఆ కాగితం చెప్పేది ఒక్కటే, మీ తాతగారు ఫ్రెంచ్ పౌరుడిగా పుట్టారని. ఆయన ఫ్రెంచ్ పౌరుడిగా ఉండిపోయారా అన్నది వేరే సంగతి, దానికి రెండు విషయాలు కావాలి: 1962 ఆగస్టు 16న ఆయన కాపురం ఎక్కడ, ఆ తర్వాత ఆరు నెలల్లో ఆయన ఏమైనా సంతకం పెట్టారా.

ఈ 1962 ఏంటండీ, యానాం 1954లోనే కలిసిపోయింది కదా అంటారు అందరూ. నిజమే, విమోచన ఉద్యమ నాయకుడు దడాల రఫేల్ రమణయ్య గారూ వాళ్ళూ యానాంలోకి వెళ్ళి ఫ్రెంచ్ జెండా దింపింది 1954 జూన్ 13న. కేరళ వైపున్న ఇంకో ఫ్రెంచ్ ఊరు మాహెలో జూలైలో అయింది. అక్టోబర్ 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు ఓట్లేస్తే 178 మందిలో 170 మంది ఇండియా అన్నారు, 8 మంది వద్దన్నారు, నవంబర్ 1 నుంచి పరిపాలన మన చేతికొచ్చింది. అయితే అది పరిపాలన వరకే. భూమి మీద సార్వభౌమాధికారం, అంటే మన భాషలో పట్టా, ఇంకా ఫ్రాన్స్ పేరునే ఉంది. ఇల్లు స్వాధీనం చేసేశారు గానీ రిజిస్ట్రేషన్ అవ్వలేదు, అలా అనుకోండి. ఆ రిజిస్ట్రేషన్ అగ్రిమెంటు 1956 మే 28న రాసుకున్నారు, దాన్ని ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదించడానికి అప్పట్లో ఫ్రాన్స్ చేస్తున్న అల్జీరియా యుద్ధం తేలేదాకా ఆగింది, చివరికి 1962 ఆగస్టు 16న ఢిల్లీలో పత్రాలు మార్చుకున్నాక అమల్లోకొచ్చింది. మధ్యలో ఆ ఎనిమిదేళ్ళు ఎంత తికమక అంటే, పాండిచ్చేరి బస్సు పర్మిట్ల గొడవ ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, అసలు పాండిచ్చేరి భారత భూభాగమా కాదా అని కోర్టు కేంద్రాన్నే అడగాల్సొచ్చింది, కాదు అని కేంద్రమే చెప్పింది! అందుకే యానాంలో విమోచన దినం వేరు, ఆగస్టు 16 వేరు, మన పౌరసత్వం లెక్కకి పనికొచ్చేది రెండోది.

ఇప్పుడు మీ తాతగారి సంగతి. ఆ 1956 ఒప్పందం మనుషుల్ని పుట్టిన ఊరు, ఉన్న ఊరు బట్టి విడగొట్టింది. ఫ్రెంచ్ స్థావరాల్లో, అంటే పాండిచ్చేరి, కారైకాల్, మాహె, యానాంలలో పుట్టి ఆ తేదీకి అక్కడే కాపురం ఉన్నవాళ్ళు ఆటోమేటిక్‌గా భారతీయులైపోయారు. వద్దు, నేను ఫ్రెంచ్‌గానే ఉంటా అనుకుంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వాలి. అక్కడ పుట్టి మిగతా ఇండియాలో ఉంటున్నవాళ్ళదీ అదే రూల్, మీ తాతగారు కాకినాడలో ఉన్నారు కాబట్టి సరిగ్గా ఈ గుంపులోకి వస్తారు. అక్కడ పుట్టి ఆ రోజుకి సైగాన్‌లోనో (ఇప్పటి వియత్నాంలో ఉంది) పారిస్‌లోనో ఉన్నవాళ్ళకి మాత్రం తిరగబడుతుంది, వాళ్ళు ఏమీ చెయ్యకపోతే ఫ్రెంచ్‌గానే ఉండిపోతారు, ఇండియా కావాలంటేనే సంతకం పెట్టాలి. ఇండోచైనాలో, అంటే వియత్నాం వైపు ఫ్రెంచ్ వలస ప్రాంతంలో, ఫ్రెంచ్ సైన్యంలోనూ ఆఫీసుల్లోనూ పనిచేసిన పాండిచ్చేరి, కారైకాల్ కుటుంబాలు ఇవాళ్టికీ ఫ్రెంచ్ పాస్‌పోర్టుతో ఉండటానికి ఇదొక కారణం. పాండిచ్చేరి వైపే ఉండి, ఫ్రెంచ్‌గా ఉంటామని సంతకం పెట్టినవాళ్ళూ కొన్ని వేలమంది ఉన్నారు.

కాబట్టి ఏజెంటు మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న, 1963 ఫిబ్రవరి లోపు తాతగారు ఆ డిక్లరేషన్ ఇచ్చారా అని. అడగలేదు కదా? అడిగితే మీరు లేదంటారు, బేరం పోతుంది. మీ ఇంట్లో ఎప్పుడైనా ఆ మాట వినపడిందా, తాతగారు ఫ్రెంచ్ కాన్సులేట్‌కి వెళ్ళడం, ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటెయ్యడం లాంటివి? ఇక్కడ ఓటేశారు, ఇండియా పాస్‌పోర్టు తీసుకున్నారు అంటే మాత్రం సంతకం పెట్టలేదనే అర్థం చేసుకోవాలి.

తెలివైన ఏజెంట్లు ఇక్కడే ఇంకో మెలిక చెప్తారు, మీకూ చెప్పే ఉంటాడు. తాతగారి సంగతి వదిలెయ్యండి, మీ నాన్నగారు యానాంలో పుట్టలేదు కాకినాడలో పుట్టారు, ఒప్పందం స్థావరాల్లో పుట్టినవాళ్ళ గురించి మాత్రమే రాసింది, కాబట్టి ఆయన ఒప్పందం బయట ఉన్నారు, ఫ్రెంచ్ తండ్రికి పుట్టిన కొడుకుగా ఇంకా ఫ్రెంచే అని. వినడానికి బాగుంటుంది, నేనూ మొదటిసారి విన్నప్పుడు అబ్బో అనుకున్నాను. కానీ 18 నిండని పెళ్ళికాని పిల్లల పౌరసత్వం తండ్రి చేసిన డిక్లరేషన్‌తోనే తేలుతుందని అదే ఒప్పందంలో ఉంది, నాన్నగారికి అప్పటికి నాలుగేళ్ళు. ఇక ఇండియా వైపు చూస్తే ఆయన 1950 తర్వాత భారత గడ్డ మీద పుట్టిన మనిషి, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం పుట్టుకతోనే భారతీయుడు.

సరే, వాదన కోసం ఏజెంటు మాటే నిజమనుకుందాం. అయినా ముందుకెళ్ళలేరు. ఫ్రెంచ్ సివిల్ కోడ్‌లో 30-3 అని ఒక ఆర్టికల్ ఉంది. మీకు పౌరసత్వం ఇవ్వాల్సిన పెద్దలు అర్ధశతాబ్దానికి పైగా ఫ్రాన్స్ బయట స్థిరపడి ఉండి, మీకుగానీ మీకు పౌరసత్వం అందించాల్సిన తండ్రికిగానీ ఫ్రెంచ్ పౌరుడిగా చలామణీ అయిన గుర్తులేమీ లేకపోతే, నేను ఫలానావాళ్ళ సంతానం కాబట్టి ఫ్రెంచ్‌ని అని నిరూపించుకునే అవకాశమే ఇవ్వరు. కాగితాలు ఎంత బలంగా ఉన్నా సరే, చూడరు. గుర్తులంటే ఫ్రెంచ్ పాస్‌పోర్టు, కాన్సులేట్‌లో నమోదు, ఫ్రెంచ్ ఓటరు కార్డు ఇలాంటివి. 1962 ఆగస్టు నుంచి యాభై ఏళ్ళు లెక్కేసుకోండి, 2012 ఆగస్టుకి నిండిపోయాయి. ఈ ఒక్క రూల్ వల్లే మన వైపు యానాం మనవళ్ళ అప్లికేషన్లకి దాదాపు తలుపు మూసుకుపోయింది.

మరి గోవా అబ్బాయికి ఎలా వచ్చిందంటారా? అక్కడ కథ వేరు, నా ఉద్దేశంలో ఈ రెండిటి తేడా చూస్తేనే విషయం అర్థమవుతుంది. ఫ్రాన్స్ కూర్చుని మాట్లాడుకుని రాసిచ్చి వెళ్ళింది, ఎవరు ఎటో తేల్చి మరీ వెళ్ళింది. పోర్చుగల్ వదలనంది, 1961 డిసెంబర్‌లో మన సైన్యం వెళ్ళింది. 1962లో మన కేంద్రం ఒక ఆర్డర్ ఇచ్చి గోవా, డామన్, డయ్యూ వాళ్ళని భారతీయుల్ని చేసింది, పాత పౌరసత్వం ఉంచుకునేవాళ్ళు నెలలోపు చెప్పాలంది, కానీ అవతల పోర్చుగల్ దాన్ని ఒప్పుకోలేదు, 1974 డిసెంబర్ 31న ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా గోవా మాదే అంది. వాళ్ళ లెక్కలో 1961 డిసెంబర్ ముందు గోవాలో పుట్టినవాళ్ళు పోర్చుగీసులుగానే మిగిలిపోయారు. అందుకే అక్కడ లిస్బన్‌లో పుట్టుక రిజిస్టర్ చేయించుకునే వ్యాపారం ఇంతగా నడుస్తోంది. అంటే మొండికేసిన దేశం వాళ్ళకి పాస్‌పోర్టులొచ్చాయి, మర్యాదగా తేల్చి వెళ్ళిన దేశం వాళ్ళకి రాలేదు, ఏం చేస్తాం!

ఇంకో ముచ్చట, మీకు అవసరం లేకపోయినా చదివేవాళ్ళకి పనికొస్తుంది. మా నాన్నమ్మ పెళ్ళి యానాంలో అయింది, మాకేమైనా వస్తుందా అని అడిగేవాళ్ళు కూడా ఉంటారు. బాల్యవివాహాల్ని ఆపిన శారదా చట్టం బ్రిటిష్ ఇండియాకే, ఫ్రెంచ్ యానాంకి వర్తించేది కాదు, అందుకని 1930 నుంచి చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని బళ్ళలో ఎక్కించుకెళ్ళి అక్కడ మూడుముళ్ళు వేయించి తెచ్చేవారు. పెళ్ళి అక్కడ జరిగినంత మాత్రాన ఎవరూ ఫ్రెంచ్ అవ్వలేదండి, ఆ మూడుముళ్ళకీ పాస్‌పోర్టుకీ సంబంధం లేదు.

ఒకవేళ ఏదో అద్భుతం జరిగి వచ్చిందే అనుకోండి, అప్పుడు పోగొట్టుకునేది కూడా చూసుకోవాలి. మనకి ద్వంద్వ పౌరసత్వం లేదు. వేరే దేశం పాస్‌పోర్టు తీసుకున్న రోజుతో భారత పౌరసత్వం పోతుంది, ఇక్కడి పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి, రెండూ జేబులో పెట్టుకు తిరిగితే కేసు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు గానీ ఓటుండదు, పొలం కొనుక్కోలేరు.

ఇక స్థలం. భయపడకండి, ఇళ్ళస్థలం వారసత్వంగా రావడానికి పౌరసత్వం అడ్డం కాదు. దానికన్నా మీరు పట్టించుకోవాల్సింది తాతగారు ఎప్పుడు పోయారు అన్నది, మీరది రాయలేదు. హిందూ వారసత్వ చట్టం పుదుచ్చేరి ప్రాంతాలకి వచ్చింది 1963లో. అంతకు ముందు అక్కడ నడిచిన హిందూ ఆచార చట్టంలో తండ్రే సర్వహక్కుదారు, కొడుక్కి పుట్టుకతో వాటా అనేది లేదు, మన గోదావరి జిల్లాల అలవాటుకి పూర్తిగా ఉల్టా. తాతగారు ఆ తర్వాతే పోయుంటే, మీరు హిందువులే అయితే, వీలునామా లేకపోతే నాన్నగారితో పాటు మీ మేనత్తలకీ, నాన్నమ్మగారు అప్పటికి ఉంటే ఆవిడకీ సమాన వాటా. ఒక్క మినహాయింపు ఉంది. 1881 నాటి ఫ్రెంచ్ డిక్రీ కింద సొంత మతచట్టాన్ని వదులుకుని ఫ్రెంచ్ సివిల్ కోడ్‌కి ఒప్పుకున్న కుటుంబాలుంటాయి, వాళ్ళని రెనోన్సాలు అంటారు, వాళ్ళకి హిందూ వారసత్వ చట్టం వర్తించదు. మీ ముత్తాతగారి కాగితాల్లో అలాంటి పత్రం ఉందేమో చూడండి, ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. కోర్టుకెక్కాల్సొస్తే యానాం కోర్టులోనే వెయ్యాలి, అక్కడి అప్పీలు కాకినాడ మీదుగా అమరావతికి వెళ్ళదు, చెన్నై హైకోర్టుకి వెళ్తుంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇన్ని చెప్పినా మనసు ఒప్పుకోకపోతే ఏజెంటు లేకుండానే తెలుసుకోవచ్చు. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ కాన్సులేట్‌కి తాతగారి పేరు, పుట్టిన తేదీ, యానాం జనన నమోదు కాపీతో ఒక ఉత్తరం రాసి 1962-63లో ఆయన పేరున డిక్లరేషన్ ఉందా అని అడగండి. పౌరసత్వ ధ్రువీకరణ ఇచ్చేది మాత్రం కాన్సులేట్ కాదు, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళవి పారిస్ కోర్టులో చూస్తారు, దానికి ఏ ఏజెంటూ గ్యారంటీ ఇవ్వలేడు. డబ్బు ముందే కట్టేసుంటే, గ్యారంటీ అని అతను వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరాలు తీసి పెట్టుకుని, డబ్బు వాపసు ఇమ్మని ముందు లాయర్ నోటీసు పంపించండి, స్పందించకపోతే కాకినాడ వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి.