ఫ్యాక్టరీ లేని అడవిలో సీసం ఎక్కడిది?

ప్రశ్న: అమెరికాలో గ్రాండ్ కాన్యన్ జాతీయ పార్కు మీద ఎగిరే కాలిఫోర్నియా కాండోర్ రాబందులు సీసం విషంతో చనిపోతున్నాయని చదివాను. పార్కులో వేట కూడా లేదంటారు. మరి సీసం ఎలా చేరుతోంది? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తూటాల నుంచి. పార్కు లోపల వేట నిషేధమే గానీ కాండోర్ ఒక్కరోజులో 200 కిలోమీటర్లు పైగా ఎగరగలదు. మేత పార్కు బయట కూడా వెతుక్కుంటుంది. రైఫిల్ సీసపు తూటా జింక ఒంట్లోకి దిగగానే చిట్లిపోతుంది. ఆవగింజకన్నా చిన్న తునకలు గాయం చుట్టూ చాలా దూరం చెదురుతాయి. వేటగాడు మాంసం కోసుకుని పేగులు అక్కడే వదిలేస్తాడు. వాటిమీద కాండోర్‌లు గుంపుగా వాలతాయి కాబట్టి ఒక్క కళేబరం చాలు, అనేక పక్షులకు విషమెక్కడానికి. వాటి జీర్ణాశయంలోని ఘాటైన ఆమ్లం సీసాన్ని సులువుగా కరిగిస్తుంది.

1982లో లోకమంతా కలిపి మిగిలిన కాలిఫోర్నియా కాండోర్‌లు 22. 1987 నాటికి అన్నిటినీ పట్టి జూలలో పెంచి, 1992 నుంచి తిరిగి వదులుతున్నారు. గుడ్లు పెట్టే కాలంలో ఒకే గుడ్డు పెట్టే పక్షి ఇది; పోయిన ప్రాణం లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. రాగి తూటా రేకుల్లా విచ్చుకుంటుంది తప్ప పొడి కాదు. మా దృష్టిలో అసలు మందు అదే.

ప్రశ్న: విషమెక్కిన పక్షిని ఎలా గుర్తిస్తారు? బతికించవచ్చా? – ఒక పశువైద్య విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆకుపచ్చ రెట్ట, వాలిపోయిన రెక్కలు గుర్తులు. మెడ కింద మేత నిలిచే సంచి పక్షవాతం వచ్చినట్టు పనిచేయడం మానేస్తుంది. ఆ సంచి నిండుగా ఉన్నా పక్షి ఆకలితో చనిపోతుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా బోనుతో పట్టి, కాలి సిర నుంచి రక్తం తీస్తారు. చేతిలో పట్టే పరికరం దాదాపు మూడు నిమిషాల్లో ఫలితం చెబుతుంది, కానీ డెసీలీటరుకు 65 మైక్రోగ్రాములు దాటితే ‘ఎక్కువ’ అని మాత్రమే చూపిస్తుంది. అసలు అంకెకు ల్యాబుకు పంపాల్సిందే. 45 దాటితే చికిత్స మొదలుపెట్టాలి.

ముందు ఎక్స్‌రే తీయండి. కడుపులో తెల్లటి చుక్కలు కనిపిస్తే ఆ తునకలు బయటికి రావాలి. అవి లోపలుండగా మందిస్తే ఒకపక్క తోడుతుంటే మరోపక్క ఊరుతూనే ఉంటుంది. మందు కాల్షియం ఈడీటీఏ ఇంజెక్షన్; ఇది సీసాన్ని పట్టుకుని మూత్రంతో బయటికి పంపుతుంది. పేరు జాగ్రత్తగా చూసుకోండి: డైసోడియం ఈడీటీఏ ఇస్తే రక్తంలోని కాల్షియాన్ని లాగేసి గుండె ఆగిపోవచ్చు. చికిత్స ముగిశాక ఎముకల్లో దాగిన సీసం మళ్లీ రక్తంలోకి వస్తుంది, కాబట్టి పరీక్ష తిరిగి చేయాలి.

రక్తంలో సీసం సుమారు రెండు వారాల్లో సగమవుతుంది. నెలల చరిత్ర కావాలంటే రెక్క ఈకే ఆధారం. అది రోజుకు సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది; ముక్కలుగా కోసి కొలిస్తే సీసం ఎప్పుడు తిన్నదో తెలుస్తుంది.

ప్రశ్న: నల్లమలలో రాలిన పక్షి ఈకలు ఏరి మా కళాశాలలో సీసం కోసం పరీక్షించవచ్చా? – ఒక అధ్యాపకుడు, నంద్యాల

జవాబు: ముందు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి తీసుకోండి. ఈకలను కాగితం కవర్లో ఉంచండి. నేలమీది దుమ్ములోనూ లోహాలుంటాయి, కాబట్టి అసిటోన్‌తో, అయాన్లు తీసిన నీటితో మార్చి మార్చి కడిగి ఆరబెట్టాకే తూచాలి. ఫలితం పొడి బరువుకా, తడి బరువుకా అన్నది తప్పక రాయండి. అది లేని అంకెను మరొకరి అంకెతో పోల్చలేం.