చిన్న గ్రాంటు కావాలంటే ఏం జేయాలె?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర తండా. అమ్మానాయినలు పూణె, బొంబాయి పనికి పోతే పిల్లలు ముసలోళ్ల దగ్గరే ఉంటున్నరు, వాళ్లకు మేం నలుగురం సాయంత్రం పూట చదువు చెప్తున్నం. సొసైటీ రిజిస్టర్ అయ్యి ఏడాదైంది. లక్షో రెండు లక్షలో ఎవరన్నా ఇస్తరా, ఫారిన్ నుంచి తెచ్చుకోవచ్చా?

జవాబు: చెల్లె, ఫారిన్ ముచ్చట ఇప్పుడే వద్దు. ఫారిన్ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్‌కు సొసైటీ పెట్టి మూడేండ్లు నిండాలె, ఆ మూడేండ్లల్ల 15 లక్షలు పని మీద ఖర్చు పెట్టినట్టు లెక్క ఉండాలె. వేరే ఎన్జీవోకు వచ్చిన ఫారిన్ పైసలు మీకు పంచిస్తమంటే కూడా ఒప్పుకోకుర్రి, ఆ చట్టానికి 2020ల చేసిన సవరణతోని అది బంద్ అయింది. కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ పైసలకు కూడా మామూలుగ మూడేండ్ల అనుభవం అడుగుతరు.

అందుకే ముందుగాల సొసైటీ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, తర్వాత 12ఏ (సొసైటీకి ఆదాయపన్ను మినహాయింపు), 80జీ (మీకు ఇచ్చినోళ్లకు పన్ను తగ్గింపు), దర్పణ్ (సర్కారు ఎన్జీవో పోర్టల్) నంబరు చేయించుకోర్రి. ఇక్కడి చిన్న ట్రస్టులను అడగొచ్చు.

అప్లికేషన్ల మాత్రం "అణగారిన వర్గాల సమగ్ర అభివృద్ధి" అని రాయకుర్రి, అది చదివీ చదివీ వాళ్లకు విసుగొచ్చి ఉంటది. పిల్లలు ఎందరు, ఏ నెలల అమ్మానాయినలు పోతరు, కరెంటు పోతే ఏం చేస్తున్నరు, సార్‌కు ఆటో కిరాయి ఎంత, అవి రాయర్రి. ఆటో కిరాయికి రసీదు రాదు గదా, వోచర్ రాసి డ్రైవర్ సంతకం తీస్కోర్రి, ఆడిట్ల మనోళ్లు ఇరుక్కునేది గిసొంటి దగ్గర్నే.