ఏఐ కోడ్ రాసేస్తోంది కదా, ఇంకా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి, నాకైతే ఏ డౌటూ లేదు. ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అన్న గోల పక్కన పెట్టండి. మన భాషలో సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడవాలంటే లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళు మనలో ఉండాలి, నా బాధంతా అదే.

ఏఐ నేనూ రోజూ వాడతా, బాగా పనికొస్తుంది. కానీ మొన్నామధ్య మా ప్రాజెక్టులో తెలుగులో పేర్లు ప్రింట్ చేసే కార్డుల పని పడింది. టీంలో కొత్తగా చేరిన అబ్బాయి ఏఐతో కోడ్ రాయించాడు, టెస్టులన్నీ పాసయ్యాయి, ఎందుకు పాసవ్వవు, టెస్ట్ డేటా అంతా రవి, సీత, రాము. తీరా శాంపిల్ కార్డు చూస్తే ఫోటోలో ఒక పెద్దావిడ, కింద పేరు 'వెంకటసుబ్బ'. ఆవిడ వెంకటసుబ్బలక్ష్మి గారు! ఏఐని అడిగితే ఫాంట్ మార్చమంది, తర్వాత ప్రింటర్ సెట్టింగులు చూడమంది, పూటంతా దానికే సరిపోయింది.

సంగతేంటంటే పేరు 30 బైట్లు (బైటు అంటే కంప్యూటర్ మెమరీని కొలిచే చిన్న కొలత) దాటితే కోసేస్తోంది కోడ్. కంప్యూటర్‌లో అక్షరాల్ని దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగుకి 3, అదీ మనం అక్షరం అనుకునేదానికి కాదు, గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ దేనికది వేరే లెక్క. 'క్ష్మి' ఒక్కటే క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 18 బైట్లు. ఆవిడ పేరు మొత్తం 51, 30 దగ్గర కోస్తే సుబ్బ దగ్గర ఆగిపోయింది. సొంత పేరు సగం తెగిన కార్డు చేతిలో పెడితే ఆవిడకెలా ఉంటుంది చెప్పండి?

ఈ ఇంటర్వ్యూలొకటి. స్ట్రింగ్ రివర్స్ చెయ్యమని, అంటే ఒక మాటలో అక్షరాల్ని వెనక నుంచి ముందుకి తిప్పమని అందరూ అడుగుతారు, 'రాముడు'ని తిప్పమని ఒక్కరూ అడగరు. మామూలు కోడ్‌తో తిప్పితే 'ుడుమార' వస్తుంది, రా దీర్ఘం పోయి మ మీద కూర్చుంటుంది, చివరి కొమ్ము పట్టుకోడానికి అక్షరం లేక ముందు వేలాడుతుంది. అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేసొచ్చిన పిల్లలకి కూడా ఇది ఎవరూ చెప్పట్లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ని కనపడని ఒక గుర్తుతో కలిపి మెసేజ్ పంపితే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి, ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసుకుంది. అంత పెద్ద కంపెనీలోనే మన అక్షరం అలా జారిపోతే, మన లిపి ఎలా పనిచేస్తుందో ఇంకెవరో చూసుకుంటారని కూర్చుంటే ఎలా?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టండి. 'లక్ష్మి' అని టైప్ చేసి లెన్ (పొడవు లెక్క చెప్పే len) అడగండి. కంటికి కనిపించేది రెండక్షరాలు, అది 7 అంటుంది. ఎందుకో ఏఐని అడగొద్దు, కాగితం మీద విడగొట్టి చూడండి, తర్వాత మీ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టి చూడండి.