సింగపూర్‌లో ఖరీదైన కారు: కొనేది బండినా, పదేళ్ల అనుమతినా?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాము. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పుంగోల్‌లో హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ) ఫ్లాటు కొనుక్కున్నాము. పిల్లలిద్దరూ బడికి నడిచే వెళ్తారు. ఈమధ్య స్నేహితులు ఒకరిద్దరు మెర్సిడెస్ కార్లు కొన్నప్పటి నుంచి తానూ అలాంటిదే కొనాలని ఆయన పట్టుబడుతున్నారు. "అంత ఉద్యోగం చేస్తూ ఇంకా రైల్లోనే తిరుగుతున్నావా?" అని ఊరి నుంచి మా మామగారు అడిగిన మాట ఆయన మనసులో బాగా నాటుకుంది. ఈ దేశంలో మామూలు కారుకూ ఖరీదైన కారుకూ మధ్య తేడా తక్కువనీ, కొంటే మంచిదే కొనాలనీ ఆయన వాదన. ఇది నిజమేనా? నేను అడ్డు చెప్పడం సబబేనా?
– ఒక పాఠకురాలు, సింగపూర్

జవాబు: అమ్మా, మీవారు చెబుతున్న లెక్కలో తప్పు లేదు. ఆ లెక్కను బట్టి ఆయన చేస్తున్న నిర్ణయంతోనే నాకు పేచీ.

సుమారు 730 చదరపు కిలోమీటర్ల ద్వీపంలో 60 లక్షల మంది నివసిస్తున్నారు. ఉన్న నేలలో 12 శాతం ఇప్పటికే రోడ్ల కింద పోయింది. అందుకే 1990 మే నెల నుంచి అక్కడ కారు కొనాలంటే ముందుగా సీఓఈ అనే అనుమతి పత్రాన్ని వేలంలో దక్కించుకోవాలి. వేలం నెలకు రెండుసార్లు జరుగుతుంది, పత్రం పదేళ్లు మాత్రమే చెల్లుతుంది. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్యలో పెరుగుదల రేటును సున్నా చేశారు కాబట్టి, కొత్త అనుమతులు చాలావరకు పాత కార్లు రోడ్డు దిగినప్పుడే పుడతాయి. 2023 అక్టోబరులో పెద్ద కార్ల విభాగంలో ఈ పత్రం ధర 1,50,001 సింగపూర్ డాలర్లకు చేరింది. బండి ధర దీనికి అదనం.

ఇప్పుడు మీవారి వాదన చూద్దాం. దిగుమతి విలువ 20,000 డాలర్లున్న మామూలు కారును తీసుకోండి. దానిపై 20 శాతం ఎక్సైజ్ సుంకం, 9 శాతం జీఎస్టీ, ఏఆర్‌ఎఫ్ అనే అదనపు రిజిస్ట్రేషన్ రుసుము 20,000, మామూలు రిజిస్ట్రేషన్ రుసుము 350 కలిపితే 46,510 డాలర్లవుతుంది. విలువ పెరిగేకొద్దీ ఏఆర్‌ఎఫ్ రేటూ పెరుగుతుంది కాబట్టి, దిగుమతి విలువ 40,000 ఉన్న ఖరీదైన కారుకు ఏఆర్‌ఎఫ్ 48,000 పడి మొత్తం 1,00,670 అవుతుంది. అంటే రెండోది మొదటిదానికి రెట్టింపు కంటే ఎక్కువ. కానీ లెక్క కోసం రెండింటికీ లక్ష డాలర్ల సీఓఈ కలిపి చూడండి. మొదటిది 1,46,510, రెండోది 2,00,670. డీలరు లాభం ఇంకా కలపకుండానే, రెట్టింపుకు మించిన తేడా కాస్తా మూడో వంతు పైచిలుకుకు పడిపోయింది. ఎలాగూ లక్ష పోస్తున్నప్పుడు ఇంకో యాభై వేలకు వెనకాడడం ఎందుకని మనిషికి అనిపించడం సహజం. సింగపూర్ కొత్త రిజిస్ట్రేషన్లలో మెర్సిడెస్, బీఎమ్‌డబ్ల్యూ కార్లు ముందు వరుసలో కనిపించడానికి అక్కడి జనం సంపద ఒక్కటే కారణం కాదు, ఈ లెక్క కూడా కారణం.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. 2013లో ఏఆర్‌ఎఫ్‌ను అంచెలుగా మార్చి ఖరీదైన కార్లపై భారం పెంచింది. చిన్న ఇంజిన్లు బిగించుకున్న విలాసవంతమైన కార్లు చిన్న కార్ల విభాగంలో దూరిపోతున్నాయని గమనించి, 2014 ఫిబ్రవరి నుంచి ఆ విభాగానికి 1600 సీసీతో పాటు 97 కిలోవాట్ల శక్తి పరిమితి కూడా పెట్టింది. 2023లో దిగుమతి విలువలో 80,000 డాలర్లు దాటిన భాగంపై ఏఆర్‌ఎఫ్‌ను 320 శాతానికి పెంచింది. ఇంత చేసినా ఆ కార్లపై మోజు తగ్గలేదు. తగ్గుతుందని నేను అనుకోవడమూ లేదు. ఎందుకంటే అందరికీ దొరకకపోవడమే ఆ కారుకు విలువ తెస్తోంది. కార్లున్న కుటుంబాలు రమారమి మూడింట ఒక వంతే ఉన్న దేశంలో కారు అంటేనే హోదా. 1990ల నాటికే అక్కడివారు క్యాష్, కార్, క్రెడిట్ కార్డ్, కాండోమినియం, కంట్రీ క్లబ్ అనే అయిదింటిని జీవితంలో పైకొచ్చినదానికి గుర్తులుగా చెప్పుకునేవారు.

అయితే ఈ హోదాకు గడువు తేదీ ఉంది, మీవారు చూడవలసింది దానినే. వాడిన కార్ల ప్రకటనలు ఒకసారి ఇద్దరూ కలిసి చదవండి. ధర పక్కనే సీఓఈ ఇంకా ఎన్నేళ్లు, ఎన్ని నెలలు మిగిలిందో, ఏటా తరుగుదల ఎన్ని వేల డాలర్లో స్పష్టంగా రాసి ఉంటుంది. అక్కడ కొనేవారి చూపు కారు రంగు కంటే ముందు ఆ తరుగుదల అంకె మీదే పడుతుంది. లక్ష డాలర్ల సీఓఈ పదేళ్లలో హరించుకుపోతుంది కాబట్టి, కారు కదలకుండా పార్కింగ్‌లో పడి ఉన్నా రోజుకు 27 డాలర్లు ఖర్చవుతూనే ఉంటాయి. పదేళ్లు నిండాక అప్పటి ధర చెల్లించి పత్రాన్ని పొడిగించుకోవాలి, లేదా బండిని వదులుకోవాలి. వదులుకునేటప్పుడు ఏఆర్‌ఎఫ్‌లో కొంత వెనక్కి ఇచ్చే పద్ధతి ఉన్నా, 2023లో దానికీ ఒక పరిమితి పెట్టారు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. దిగుమతి విలువ 20,000 డాలర్లు దాటిన కారుకు ధరలో 60 శాతానికి మించి అప్పు ఇవ్వకూడదు, ఏడేళ్లలోపు తీర్చాలి. రెండు లక్షల డాలర్ల కారుకు 80,000 చేతి నుంచి పెట్టుకుని, మిగిలిన దానికి అసలు ఒక్కటే నెలకు 1,400 డాలర్లకు పైగా కట్టాలి. వడ్డీ, బీమా, రోడ్ టాక్స్, పెట్రోలు, పార్కింగ్, రద్దీ రోడ్లపై పడే ఈఆర్‌పీ గేట్ల రుసుము వేరే. ఇంటి వాయిదాలూ పిల్లల చదువూ మోస్తున్న కుటుంబానికి ఇది తలకు మించిన భారం కావచ్చు. కాబట్టి మీ అభ్యంతరం సబబే.

కానీ ఆయన బాధను చిన్నచూపు చూడకండి. కన్నతండ్రి నోట వచ్చిన మాట ఎంత పెద్ద ఉద్యోగినైనా గుచ్చుకుంటుంది. మామగారికి ఈ అంకెలన్నీ మీవారే విడమరచి చెప్పడం మంచిది. కారు దిగుమతి విలువకంటే అనుమతికే ఎక్కువ పోయాలని తెలిస్తే, పొదుపు తెలిసిన పెద్దలు ఇట్టే అర్థం చేసుకుంటారు. వారు అక్కడికి వచ్చినప్పుడు ఆ కొద్ది రోజులకు కారు అద్దెకు తీసుకోండి. ఇంట్లో నడవలేని పెద్దవారుండడం, రైళ్లు లేని వేళల్లో డ్యూటీలు పడడం వంటి అవసరాలుంటే మాట వేరు. అప్పుడు కూడా మూడు నాలుగేళ్ల సీఓఈ మిగిలిన మామూలు కారు చూడమనే నేనంటాను.

ప్రశ్న: రోడ్డు మీద తిరిగే హక్కును వేలం వేయడమంటే డబ్బున్నవాడికి దోచిపెట్టడం కాదా?
– మరొక పాఠకుడు

జవాబు: వేలం లేకపోతే ఆ ద్వీపంలో ఎవరి కారూ కదలదు. 1975లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టి, 1987 నుంచి మెట్రో రైళ్లు నడుపుతూ, కారు లేనివాడూ వేళకు పనికి చేరేలా చూశారు కాబట్టి ఈ పద్ధతి నిలబడింది. వేలంలో నెగ్గినవారందరూ ఒకే విభాగంలో ఒకే ధర చెల్లిస్తారు. పలుకుబడికి చోటు లేదు. నాకు అన్యాయంగా తోచేది ఇంకొకటి. ఒక ఇంట్లో మొదటి కారుకూ, అదే ఇంట్లో రెండో కారుకూ ఒకే సీఓఈ ధర వర్తిస్తుంది. అనుమతులు ఇంత కరువైన చోట రెండో కారు కోరుకునే ఇల్లు ఎక్కువ చెల్లించాలన్నది నా అభిప్రాయం.