ఆరా స్కానర్ చూసి శక్తి లాకెట్టు కొనొచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న చదివానండి. భీమవరంలో ఎవరో మీ అమ్మగారి ముందు కడ్డీలు పట్టుకుని ఆరా, అంటే ఒంటి చుట్టూ ఉంటుందని వాళ్ళు చెప్పే శక్తి వలయం, కొలిచారు, అది బాగా తగ్గిపోయిందన్నారు, మోకాళ్ళ నొప్పులు పోవాలంటే 9,500 పెట్టి లాకెట్టు వేసుకోమన్నారు. కొనాలా వద్దా అని అడిగారు. వద్దండి. మేము కొన్నాం కాబట్టే చెప్తున్నాను.

మాది పాలకొల్లు పక్క పల్లె. మా నాన్నగారికి షుగరు, దానికి తోడు అరికాళ్ళ మంటలు. మూడేళ్ళ కిందట తెలిసినవాళ్ళ ద్వారా ఒకాయన ఇంటికి వచ్చారు. ఎల్ ఆకారంలో రెండు ఇత్తడి కడ్డీలు పట్టుకుని నాన్నగారికి ఎదురుగా నిలబడి ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. రెండడుగులకే కడ్డీలు విచ్చుకున్నాయి, అంటే ఆరా అంతవరకే ఉందని ఆయన లెక్క. లాకెట్టు మెడలో వేసి మళ్ళీ చేస్తే, అరుగు దిగి వాకిట్లో కొబ్బరిచెట్టు దాకా వెళ్ళాక గానీ విచ్చుకోలేదు. నాన్నగారి మొహం వెలిగిపోయింది. నేనూ నమ్మాను.

నమ్మడానికి కారణం ఉంది. మన వైపు బోరు వెయ్యాలంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. కాయ నిలబడ్డ చోట నీళ్ళు పడతాయి. కానీ డెల్టాలో నీళ్ళు పడని చోటేది? కాలవ పక్క నేల, కాస్త లోతుకి వెళ్తే ఎక్కడైనా ఊరుతుంది. నరసాపురం, మొగల్తూరు వైపు అసలు బెంగ నీళ్ళు ఉప్పగా ఉంటాయేమోనని. కాయ నిలబడని చోట కూడా తవ్వి చూసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ నమ్మకం అలాగే నిలిచిపోయింది.

సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు వచ్చాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ కడ్డీలు ఇంట్లోనే తయారుచేద్దాం మావయ్యా అని, లావుపాటి తీగ వంచి, పిడికి పాత పెన్నుల గొట్టాలు తొడిగాడు. లాకెట్టు బల్ల మీద పెట్టి దాని దగ్గరికి నడిస్తే నా చేతిలో కూడా విచ్చుకున్నాయి! ఒళ్ళు జలదరించింది. అప్పుడు వాడు ఐదు స్టీలు డబ్బాలు తెచ్చి, నన్ను బయటికి పంపి, ఒకదాంట్లో లాకెట్టు దాచి, తనూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను వచ్చి కడ్డీలతో వెతకాలి. 20 సార్లు చేస్తే 4 సార్లు దొరికింది. ఊరికే వేలు పెట్టి చూపించినా ఐదింట ఒకటి తగులుతుంది కదండీ.

తర్వాత మోచేతులు బల్లకి ఆనించి కడ్డీల కొసలే చూస్తూ కూర్చున్నాను. మణికట్టు బియ్యపు గింజంత వాలితే చాలు, కొస జానెడు తిరిగిపోతోంది. ఆ వాలడం మనకు తెలియదు. మనసు ఏది జరుగుతుందని ఎదురుచూస్తోందో కండరం అది చేసేస్తుంది. ఈ సంగతి విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1852లోనే రాశాడు. అంటే కడ్డీ పట్టుకున్నాయన అబద్ధమాడుతున్నాడని కాదు, ఆయన కూడా నిజంగానే నమ్మి ఉండొచ్చు.

నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. ఏడీఈ 651 అని ఇలాంటిదే, పిడికి యాంటెన్నా తగిలించిన పరికరం. బాంబులు కనిపెడుతుందని ఇరాక్‌కి అమ్మారు, చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్ముకుని బళ్ళు వదిలేశారు. లోపల పనిచేసేదేమీ లేదు. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది. వేలి చుట్టూ వెలుగు చూపించే కిర్లియన్ ఫోటోలు కూడా చూపిస్తారు. అది హై వోల్టేజీ కరెంటు వల్ల వచ్చే మెరుపు, వేలి తడిని బట్టి మారుతుంది.

లాకెట్టు గురించి మరో మాట, ఇది ముఖ్యం. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి శక్తి లాకెట్లు, కంకణాలు పది రకాలు పరీక్షించి, వాటి నుంచి రేడియేషన్ వస్తోంది, పెట్టుకోవద్దని హెచ్చరించింది. అందులో పిల్లల కంకణం కూడా ఉంది. మీకు చూపించిన దాంట్లో ఏముందో బయటి నుంచి చూసి చెప్పలేం. అలాంటిది రాత్రీ పగలూ గుండెల మీద ఎందుకండీ?

మాకు పోయింది డబ్బు ఒక్కటే కాదు. లాకెట్టు ఉంది కదా అని నాన్నగారు మాకు చెప్పకుండా షుగరు మాత్రలు మానేశారు. కాలి వేలి దగ్గర చిన్న పుండు, రొయ్యల చెరువు గట్టు మీద గుల్ల గీసుకున్నది, ఎంతకీ మానలేదు. రాజమండ్రి తీసుకెళ్తే చివరికి ఆ వేలు తీసేశారు. ఇప్పటికీ ఆయన చెప్పులు వేసుకునేటప్పుడు నేను అటు చూడలేను. మీ అమ్మగారు బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే, ఈ రోజే డబ్బాలో మాత్రలు లెక్కపెట్టి చూడండి.

అమ్మగారిని మాత్రం కోప్పడకండి. ఆ కడ్డీలాయన అరగంట సేపు ఎదురుగా కూర్చుని ఎక్కడెక్కడ నొప్పో అడుగుతాడు. మనం అడగం, ఆసుపత్రిలో లైను చూసి డాక్టరూ అడగలేడు. మా అమ్మకి కూడా మోకాళ్ళే. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టి దించాలి. సాయంత్రాలు నేను పక్కన కూర్చుని లెక్కపెడతాను. ఏడు దాకా రాగానే "ఇక చాల్లేరా" అంటుంది, పది అయ్యేదాకా నేను ఒప్పుకోను.