సంఘ బాధ్యత తీసుకుంటున్న మేనల్లుడికి

నాన్నా,

నీకూ మా కోడలమ్మాయికీ ప్రభువు నామంలో వందనాలు. నిన్ను పాస్టరుగా నియమించిన ఆర్డినేషన్ ఫొటోలు మీ నాన్న పంపాడు. మెడలో దండలు, భుజాల మీద శాలువాలు, వెనకాల ఫ్లెక్సీలో నీ నిలువెత్తు బొమ్మ. చూసి సంతోషపడ్డాను, కొంచెం భయం కూడా వేసింది. వచ్చే నెల నుంచి ఆ సంఘం బాధ్యత పూర్తిగా నీదేనట కదా. మీ మామయ్య ఉండి ఉంటే ఈ ఉత్తరం ఆయనే రాసేవాడు. అయినా ఈ విషయం ఆయన కంటే నాకే బాగా తెలుసేమో. పాస్టర్లను జనం ముందు వరుసలోంచి చూస్తారు. మేం పాస్టరమ్మలం వంటింట్లోంచి చూస్తాం.

సభలకు వచ్చే ప్రసంగీకులు మా ఇంట్లోనే దిగేవాళ్ళు. తగ్గింపు మీద గంటన్నర వాక్యం చెప్పి, ఇంటికొచ్చాక కూరలో ముక్కలు తక్కువయ్యాయని ముఖం ముడుచుకున్నాయనకు నేనే వడ్డించాను. ఎంతో పేరున్నవాడై ఉండి కూడా తిన్న కంచం తనే కడిగి బోర్లించి, మా ఇంట్లో సాయానికొచ్చే ఆమె పేరు అడిగి, వాళ్ళ అబ్బాయి పరీక్షల కోసం ప్రార్థన చేసి వెళ్ళినాయనకూ నేనే వడ్డించాను. నిజం చెప్పాలంటే ఇద్దరి ప్రసంగాలూ బాగానే ఉన్నాయి. అందుకే ప్రసంగాన్ని బట్టి మనిషిని అంచనా వేయడం ఎప్పుడో మానేశాను. నువ్వు కూడా నీ ప్రసంగాన్ని బట్టి నిన్ను అంచనా వేసుకోకు.

నేను వినయంగానే ఉన్నానా అని మనసును అడిగితే అది అవుననే అంటుంది. దాన్ని అడిగి లాభం లేదు. నీ చుట్టూ ఉన్న ఏర్పాట్లను చూడు. ఈ సంఘంలో నీ మొహం మీద "కాదండీ" అనగలిగినవాడు ఎవరైనా ఉన్నాడా? కానుకల డబ్బు ఎవరి చేతిలో ఉంది? ఒక ఆదివారం నువ్వు జ్వరంతో పడుకుంటే ఆరాధన జరుగుతుందా, ఆగిపోతుందా? వీటికి వచ్చే జవాబులు అబద్ధం చెప్పవు.

మన జనం పాస్టరుకు అంత గౌరవం ఎందుకిస్తారో ముందు తెలుసుకో. ఒంగోలు చుట్టుపక్కల మన సంఘాలు ఎవరితో మొదలయ్యాయో నీకు తెలియనిది కాదు. 1866లో యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన వెనక మాదిగపల్లెలు కదిలాయి. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు పట్టుబట్టినప్పుడు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, దొరసాని ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ ఒకటో అధ్యాయమే తగిలిందని మన పెద్దలు చెప్పేవాళ్ళు. గొప్పవంశంవాళ్ళు అనేకులు పిలువబడలేదన్న భాగం. ఊరి బయట ఉన్నవాళ్ళు, పెద్దిళ్ళ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళు, తమలోంచి ఒకడు ఉతికిన చొక్కా వేసుకుని పుస్తకం తెరిచి చదువుతుంటే వాడికి కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చుంది ఒక్కడే అయినా ఆ గౌరవం పల్లె అంతటిదీ. అది ఆ మనిషి గొప్పతనం చూసి వేసిన కుర్చీ కాదు. నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది, నీ తర్వాత కూడా ఉంటుంది. కాబట్టి కూర్చోమంటే మొహమాటపడకుండా కూర్చో, వాళ్ళ మనసు నొప్పించకు. నా కోసమే చేయించారు అని మాత్రం అనుకోకు.

లెక్కల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏ పాస్టర్ల కూడికకు వెళ్ళినా "మీ సంఘంలో ఎంతమందండీ?" అన్నదే మొదటి ప్రశ్న. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది వచ్చినా కరువు కాలమంతా ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. లెక్క పెంచుకునే అవకాశం చేతిలో ఉండి ఆపుకోవడం ఎంత కష్టమో ఇప్పుడు నీకు తెలియదు, రెండేళ్ళు పోతే తెలుస్తుంది. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ అంకె మన సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. నీళ్ళలో దిగి బాప్తిస్మాలు ఇచ్చినవాళ్ళు ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అలసిపోతే మారుతూ. ఆ ఆరుగురి పేర్లు చెప్పమంటే మన పాస్టర్లలో ఎంతమంది చెప్పగలరు? నువ్వు చేయబోయే పని కూడా చాలావరకు అలాంటిదే. దానికి ఇప్పుడే సిద్ధపడితే తర్వాత ఏడుపు ఉండదు.

కొందరు కాళ్ళ మీద పడబోతారు, ముఖ్యంగా ముసలమ్మలు. శతాధిపతి కొర్నేలీ తన కాళ్ళ మీద పడినప్పుడు పేతురు "నీవు లేచి నిలువుము, నేనుకూడ నరుడనే" అని చెయ్యి పట్టి లేపాడు. నువ్వు కూడా వెంటనే లేపు. మెల్లగా తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, అంతా అయ్యాక లేపేవాళ్ళను చూశాను.

బిరుదుల గురించి ఎక్కువ చెప్పను. డబ్బు కట్టి తెచ్చుకునే గౌరవ డాక్టరేట్ల సంగతి నీకూ తెలుసు. ఎవరైనా ఆ బేరం తెస్తే టీ ఇచ్చి పంపించెయ్యి. ఫ్లెక్సీలో వాక్యం ఎంత ఉంది, నీ బొమ్మ ఎంత ఉంది అన్నది కూడా ఎప్పుడైనా స్కేలు పెట్టి కొలిచి చూడు.

అసలు ప్రమాదం స్వస్థత ప్రార్థనల దగ్గర ఉంది. ప్రార్థన చేస్తావు, జ్వరం తగ్గుతుంది. ఆదివారం సాక్ష్యంలో "అయ్యగారు ప్రార్థన చేశాక తగ్గింది" అంటారు. అది వినడానికి తియ్యగా ఉంటుంది. దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని డెబ్బైమంది శిష్యులు సంబరంగా తిరిగొస్తే యేసు ఏమన్నాడో లూకా పదో అధ్యాయంలో చూడు, ఆ సంబరం మీదే చన్నీళ్ళు చల్లాడు. ఇంకో ఇంట్లో అవే మాటలతో, అంతే కన్నీళ్ళతో ప్రార్థన చేస్తావు, మనిషి పోతాడు. తగ్గినప్పుడు ఘనత నీదైతే పోయినప్పుడు తప్పు కూడా నీదే కావాలి. రెండూ నీవి కావు. పోయిన ఇంటికి, భూస్థాపన అయిపోయాక, జనం రావడం మానేశాక కూడా వెళ్తూ ఉండు. ఆ ఇంట్లో నీకు పొగడ్త దొరకదు, పైగా "మీ దేవుడు ఎందుకు వినలేదు" అని అడుగుతారు. జవాబు లేకపోతే లేదనే చెప్పు. ఇంకొకటి, మందులు మానేసి విశ్వసించమని ఎవరితోనూ అనకు. టీబీ మందులు ఆరు నెలలు వాడాలని డాక్టరు చెప్పాక మధ్యలో మాన్పించే అధికారం నీకు ఎవరూ ఇవ్వలేదు. తన పని ఎంతవరకో తెలిసినవాడే సేవకుడు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. కానుకల పెట్టె నువ్వు తెరవకు, అమ్మాయినీ తెరవనివ్వకు. మీకు బంధువులు కాని ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకాలు చేసి, ఆ మొత్తం వచ్చే ఆదివారం చదివి వినిపించాలి. గోడకు అంటించే ఫోన్‌పే క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదై ఉండాలి, నీ నంబరుది కాదు. "మా అయ్యగారి మీద మాకు అనుమానమా" అని వాళ్ళే అంటారు. అయినా ఒప్పుకోకు. యెరూషలేము పేదల కోసం చందా పంపేటప్పుడు పౌలు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి కూడా పంపాడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా. అంతటివాడికే అవసరమైన జాగ్రత్త నీకు అక్కర్లేదా?

ప్రతి సంఘంలో ఒక పెద్దాయన ఉంటాడు, మీటింగు పెట్టినప్పుడల్లా అడ్డం తగిలేవాడు. పాత పాస్టరు గారు ఇలా చేసేవారు కాదు అంటాడు. నీ సంఘంలో కూడా ఉన్నాడని మీ నాన్న చెప్పాడు. ఆయన్ని కమిటీలోంచి తప్పించాలని ఇప్పటికే నీకు సలహాలు వచ్చి ఉంటాయి. తప్పించకు. ఆయన చెప్పే పది మాటల్లో తొమ్మిది పనికిరాకపోవచ్చు, ఆ పదో మాట నీకు ఇంకెవరూ చెప్పరు. మోషే అంతటివాణ్ణి పట్టుకుని "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నది ఎవరు? ఐగుప్తులోంచి బయటికి వచ్చినవాళ్ళలో ఒకడు కూడా కాదు, మామగారు యిత్రో. మోషే విన్నాడు, న్యాయం తీర్చే పని నలుగురికీ పంచాడు.

నీ సంఘంలోంచి ఒక కుటుంబం పక్క వీధి సంఘానికి వెళ్ళిపోతుంది. వెళ్ళి తీరుతుంది. ఆ రోజు నీ నోట్లోంచి వచ్చే మాటలు జాగ్రత్త. ఆ సంఘంవాళ్ళను గొర్రెల దొంగలని మైకులో అనకు. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అని ఒకడున్నాడు, ప్రధానత్వం కోరినవాడు, సహోదరులను చేర్చుకోనివాడు. ఆ పత్రికలో తప్ప బైబిల్లో వాడి పేరు ఇంకెక్కడా లేదు. వెళ్ళినవాళ్ళు బజార్లో కనిపిస్తే నువ్వే ముందు పలకరించు, పిల్లల చదువులు అడుగు. ఆ పాస్టరు గారిని ఒకసారి మీ ఉపవాస కూడికలో వాక్యం చెప్పడానికి పిలువు. మీ వాళ్ళకు ఆయన ప్రసంగం నీదానికంటే నచ్చితే? నచ్చనీ.

వినయంలా కనిపించేవి కొన్ని ఉంటాయి, వాటికి మోసపోకు. "నేను ధూళిని, పురుగును, అయోగ్యుణ్ణి" అని మైకులో పదిసార్లు చెప్పి, పేరు చివర "గారు" లేకుండా పిలిస్తే ఉలిక్కిపడేవాళ్ళున్నారు. ప్రసంగం బాగుందని ఎవరైనా అంటే "అంతా ప్రభువు కృపేనండీ" అని పావుగంట మాట్లాడక్కర్లేదు, సంతోషమండీ అని ఊరుకో. అలాగే ఎమ్మెల్యే వచ్చినా, కానుక ఎక్కువ వేసే కాంట్రాక్టరు వచ్చినా వంగిపోయి, మిర్చి కోతలకు పోయి ఆలస్యంగా వచ్చిన ఆడమనిషిని అందరిముందూ గద్దించేవాడిది వినయం కాదు. మనవాళ్ళను తరతరాలు ఎవరో ఒకరు వంచుతూనే ఉన్నారు. నువ్వు కూడా మందిరంలో నిలబడి "తగ్గించుకో, తగ్గించుకో" అని వాళ్ళమీదే పడకు. తగ్గాల్సింది కుర్చీలో ఉన్నవాళ్ళు. "ప్రభువులైనట్టుండక" అని పేతురు రాసింది పెద్దలకు, మందకు కాదు.

శుభ శుక్రవారానికి ముందు రాత్రి పళ్ళెం, తువ్వాలు తెచ్చి పన్నెండుమంది కాళ్ళు కడగడం ఈమధ్య చాలాచోట్ల చేస్తున్నారు. చెయ్యి, తప్పులేదు, ఫొటోగ్రాఫర్ని పిలవకు. ఆ పన్నెండుమందిని ఎంచుకునేటప్పుడు నీకు నచ్చినవాళ్ళనే ఎంచుకోకు. పై గదిలో కడిగిన కాళ్ళలో యూదా కాళ్ళు కూడా ఉన్నాయి. మిగతా రోజుల్లో చెయ్యాల్సింది వేరే ఉంది. కూడిక అయ్యాక చాపలు చుట్టడం, ప్రభుత్వాసుపత్రి వార్డులో నీ సంఘంవాడు కాని రోగికి కూడా మంచినీళ్ళ సీసా తెచ్చివ్వడం, ఫోన్ రీచార్జి చేయించమన్న ముసలాయనకు అక్కడికక్కడే చేసిపెట్టడం. యూట్యూబ్ లైవ్‌లో ఎంతమంది చూశారో రాత్రి పడుకునే ముందు చూసుకోవడం మాత్రం మానెయ్యి. ఆ పని కుర్రాళ్ళకు వదిలెయ్యి, నంబరు నీకు చెప్పొద్దను.

అమ్మాయి సంగతి. రేపటి నుంచి ఆమెను "అమ్మగారు" అంటారు, పెళ్ళిళ్ళలో ముందు కూర్చోబెడతారు. ఆమె టీచరు ఉద్యోగం మాన్పించమని కొందరు పెద్దలు నీకు చెబుతారు, వినకు. నెల జీతం వచ్చే మనిషి ఇంట్లో ఉంటే ఎవరి కానుక కోసమూ నీ వాక్యం మెత్తబడదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమెను అడుగు, "ఈరోజు ఎక్కడ ఎక్కువ చేశాను?" అని. ఆమె చెప్పినప్పుడు వాక్యం ఎత్తి వాదించకు. మీ మామయ్యను నేను ఇలాగే సరిచేసేదాన్ని, ఆయన ఒక పూట అలిగేవాడు, మరుసటి వారం సరిదిద్దుకునేవాడు.

జనవరి రెండో వారంలో ఒక ఆదివారం సెలవు పెట్టి ఇద్దరూ ఇక్కడికి రండి. ఆ రోజు మీ సంఘంలో వాక్యం చెప్పే పని ఆ అడ్డం తగిలే పెద్దాయనకే అప్పగించు, చెప్పగలడట కదా. ఇక్కడ మన మందిరంలో వెనక చాప మీద నా పక్కన కూర్చుందువుగాని. కొత్త పాస్టరు గారు వచ్చారు, రెండు మాటలు చెప్పండి అని మైకు ఇవ్వబోతారు, నేను ఒప్పుకోను. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య